ఉపకారం ఎవరిది, వేతనం ఎవరికి?

(సోమశిలలో ఆదివాసీ యువతతో మాట్లాడిన మాటల పాఠం. ఆ రోజు రాలేకపోయిన తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం కొంచెం సరిచేసి ఇక్కడ పెడుతున్నాం.)



 

నిన్న రాత్రి ఇంటర్ బైపీసీ చదివే ఒక చెల్లి ఫోన్ చేసింది. "అన్నా, నాకు అగ్రికల్చర్ బీఎస్సీ చదవాలనుంది. పురుగుమందుల కంపెనీలు స్కాలర్‌షిప్పు ఇస్తాయంట. మా అన్నేమో వద్దంటా ఉండాడు. మన భూములు, మన నీళ్లు తీసుకున్నోళ్ల డబ్బు మనకెందుకు అంటా ఉండాడు. మా అమ్మేమో ఎవురిచ్చినా డబ్బు డబ్బే గదా అంటాది. నేనేం జెయ్యాల?" అని అడిగింది.

ఆ పాపకు ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. ఈ రోజు మాట్లాడేదంతా ఆ పాపకు జవాబే. మీలో చాలామంది మనసులో కూడా ఇదే ప్రశ్న ఉందని నాకు తెలుసు.

ముందు జవాబు చెప్పేస్తాను. తీసుకో చెల్లీ. తల వంచుకుని కాదు, కళ్లు తెరుచుకుని తీసుకో. అది ఎవరి డబ్బో తెలుసుకుని తీసుకో. దానికి బదులుగా నీ దగ్గర ఏమడుగుతున్నారో చదివి తీసుకో. నీకొచ్చాక, నీ వెనకున్న వందమందికి ఎందుకు రాలేదో అడగడం మానొద్దు. ఇవి ఒక్కొక్కటిగా చెప్తాను.

మన తెలుగులో స్కాలర్‌షిప్పుకు ఒక మాట ఉంది, ఉపకార వేతనం. ఈ మాటలోనే తిరకాసు ఉంది. ఉపకారం అనగానే ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద అయిపోతాడు. ఫ్లెక్సీ కట్టి, పెద్ద చెక్కు చేతికిచ్చి, పిల్లోడి పక్కన నిలబడి ఫొటో దిగుతారు. పిల్లోడు చేతులు కట్టుకుని నిలబడతాడు. నేనడిగేదేందంటే, అసలు ఉపకారం ఎవరు ఎవరికి చేశారు?

2013లో కంపెనీల చట్టం వచ్చింది. అందులో 135వ సెక్షన్ ఉంది. రూ.500 కోట్ల నికర విలువ గానీ, రూ.1,000 కోట్ల టర్నోవర్ గానీ, రూ.5 కోట్ల నికర లాభం గానీ, ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఉన్న కంపెనీ అయినా, అంతకు ముందు మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. దాన్నే సీఎస్ఆర్ అంటున్నారు. ఇది 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఏ పనుల మీద ఖర్చు పెట్టాలో చెప్పే జాబితాలో చదువు ఉంది. కంపెనీ పనిచేసే స్థానిక ప్రాంతానికి మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ సెక్షన్లోనే రాసి ఉంది.

దీని అర్థం ఏంది? ఆ డబ్బు యజమాని జేబులోంచి దయతో తీసి ఇచ్చింది కాదు. పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ఖర్చు పెట్టాల్సిన డబ్బు. సొంత సరుకు అమ్ముకోవడానికి చేసే స్పాన్సర్‌షిప్పును సీఎస్ఆర్ లెక్కలో చూపించకూడదని నిబంధనల్లోనే ఉంది. అందుకని ఏ కంపెనీ అయినా మీ చేతికి చెక్కు ఇస్తే, చెయ్యెత్తి నమస్కారం పెట్టండి, మర్యాద మనకూ తెలుసు. చేతులు మాత్రం కట్టుకోవద్దు.

ఇంకొకటి కూడా నిజాయితీగా చెప్పాలి. ఈ చట్టం చూపించి "నాకు స్కాలర్‌షిప్పు ఇచ్చి తీరాలి" అని ఏ ఒక్కరూ కంపెనీని నిలదీయలేరు. ఎక్కడ, ఎవరికి ఖర్చు పెట్టాలో కంపెనీ బోర్డే తేల్చుకుంటుంది. ఒక్కొక్కరుగా అడిగితే పని కాదు, కలిసి అడగాలి అని నేననేది అందుకే.

ఇక మన జిల్లా సంగతి చూడండి. కొడవలూరు మండలం రాచర్లపాడు దగ్గర ఇఫ్కో భూములు మీకు తెలుసు. ఎరువుల ఫ్యాక్టరీ వస్తుందని 2,700 ఎకరాలకు పైగా సేకరించారు. ఎరువుల ఫ్యాక్టరీ రాలేదు. తర్వాత అదే భూమి కిసాన్ సెజ్ అయింది. అంతకు ముందు, 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నప్పుడు ఆ దీవిలో బతుకుతున్నది మన యానాదులే. సైదాపురం వైపు మైకా, తెల్లరాయి గనుల్లో ఎవరి చేతులు అరిగాయో మీ ఇళ్లలో ముసలోళ్లను అడగండి. చేపల గుంటల దగ్గర, రొయ్యల గుంటల దగ్గర, నిమ్మ తోటల్లో, వరి మళ్లలో రేయింబవళ్లు కాపలా ఉండేది ఎవరు? నెల్లూరు పంటకు ఇంత పేరొచ్చిందంటే అందులో మనం కట్టిన వాటా ఉంది. దాన్ని ఎవరూ ఏ పుస్తకంలోనూ జమ రాయలేదు, అంతే. అందుకే ఉపకార వేతనంలో ఉపకారం మనదంటాను. వాళ్లిచ్చేది బాకీలో కొంచెం.

ఇప్పుడు రెండో సంగతి. ఈ డబ్బు ఎక్కడ పడుతోంది?

వ్యవసాయం చదివే పిల్లలకు పరిశ్రమలు ఇచ్చే స్కాలర్‌షిప్పులు ఉన్నాయి. పురుగుమందుల కంపెనీ ఎఫ్ఎంసీ 2021లో మన దేశంలో సైన్స్ లీడర్స్ స్కాలర్‌షిప్పు మొదలుపెట్టింది. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఇస్తుంది. అందులో సగం ఆడపిల్లలకు అని పెట్టారు, మంచిదే. అంతకు ముందు 2009లో విత్తనాల కంపెనీ మోన్‌శాంటో కోటి డాలర్లతో బీచెల్, బోర్లాగ్ పేర్ల మీద ఒక కార్యక్రమం పెట్టింది. వరి, గోధుమ వంగడాల మీద పీహెచ్‌డీ చేసేవాళ్లకు అది. ఇటు కింద చూస్తే, ఎరువుల కంపెనీ కోరమాండల్ గ్రామీణ ప్రభుత్వ బడుల్లో చదివే ఆడపిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇస్తోంది.

వీటిని పక్కపక్కన పెట్టి చూడండి. కొన్ని హైస్కూల్ దగ్గర ఉన్నాయి. కొన్ని పీజీ దగ్గర, పీహెచ్‌డీ దగ్గర ఉన్నాయి. మరి మన పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారు? మధ్యలో. పదో తరగతి పాసైన రోజుకీ, వ్యవసాయ కాలేజీలో మొదటి సెమిస్టర్ పూర్తయ్యే రోజుకీ మధ్యలో.

ఇలాంటి పిల్లోణ్ని మీ కాలనీలో కూడా చూసుంటారు. గురుకులంలో చదివాడు. పది పాసయ్యాడు. ఆ ఎండాకాలం ఇంటికొచ్చాడు. నాయన గుంట కాపలాకు పోయుండాడు, తీసుకున్న అడ్వాన్సు తీరలేదు. "ఈ ఒక్క నెల సాయం చెయ్యి నాయనా" అన్నారు. ఒక నెల పోయి రెండు నెలలయ్యింది. కాలేజీలు తెరిచారు. కుల ధ్రువీకరణ పత్రం లేదు, ఆధార్‌లో పేరు ఒకటి, బడి కాగితంలో పేరు ఇంకొకటి. అది సరిచేసే లోపల కౌన్సెలింగ్ అయిపోయింది. ఆ పిల్లోడికి మెదడు తక్కువ కాదు. ఆ మూడు నెలల్లో చేతిలో కొంచెం డబ్బు, పక్కన ఒక మనిషి లేరు. ఆ పిల్లోడు ఏదో ఒక రోజు పీహెచ్‌డీ దాకా వస్తే ఇవ్వడానికి పెద్ద కంపెనీలు సిద్ధంగా ఉన్నాయి. వాడు పీహెచ్‌డీ దాకా రావాలి గదా!

సోమశిలలో ఉన్నవాళ్లకు ఈ మాట సులువుగా అర్థమవుతుంది. ఇదిగో, పెన్న మీద ఆనకట్ట. నిండితే 78 టీఎంసీల నీళ్లు. ఆ నీళ్లు కండలేరుకు పోతాయి, డెల్టాకు పోతాయి. ఉదయగిరి మెట్టలో ఉన్నోళ్లు మాత్రం హైలెవెల్ కాలువ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తా ఉండారు. జలాశయం నిండినంత మాత్రాన మన చేను తడవదు. తూము ఎక్కడ పెట్టారు, పిల్ల కాలువ ఎవరి మడి దాకా తవ్వారు అన్నదే లెక్క. స్కాలర్‌షిప్పులూ అంతే. డబ్బు ఎంత ఉందని కాదు, తూము ఎక్కడుందని అడగాలి.

తలుపు దగ్గరే ఇంకో అడ్డం ఉంది. మన వ్యవసాయ విశ్వవిద్యాలయంలో, అంటే ఆచార్య ఎన్.జి. రంగా పేరున్న దాంట్లో, రైతు బిడ్డలకు కోటా ఉంది. పల్లెలో చదువుకున్న రైతు బిడ్డకు వ్యవసాయ సీటు రావాలన్న ఆలోచన మంచిదే. కానీ ఆ కోటాలో అడగాలంటే భూమి ఉన్నట్టు కాగితం చూపించాలి. యానాది ఇంట్లో భూమి కాగితం యాడ నుంచి వస్తుంది? 2011 జనాభా లెక్కల ప్రకారం మన నెల్లూరు జిల్లాలో ఎస్టీలు దాదాపు 2 లక్షల 86 వేల మంది, వంద మందిలో సుమారు పది మంది. అయినా మన జిల్లా ఏజెన్సీ కాదు. ఐదో షెడ్యూల్ ప్రాంతం ఇక్కడ లేదు. మన్యంలో గిరిజనుల భూమికి ఉండే 1/70 రక్షణ మనకు లేదు. తరతరాలుగా దుక్కి దున్నేది, నాట్లు వేసేది, కోత కోసేది మనం. కాగితం మీద మాత్రం మనం రైతులం కాదు. వ్యవసాయం చేసేవాడి బిడ్డకు వ్యవసాయ కోటా లేదంటే, ఇంతకంటే తిరకాసు ఇంకోటి ఉందా?

ఎస్టీలకు 6 శాతం రిజర్వేషన్ ఉంది గదా అంటారు. ఉంది. అది మన హక్కు, దాన్ని వదులుకోం. నేను చెప్పేది రైతు కోటా సంగతి. పక్క రాష్ట్రంలో చూడండి. ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2025లో భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకు 15 శాతం సీట్లు ఇస్తామని ప్రకటించింది. అక్కడ అయ్యేది ఇక్కడ ఎందుకు కాదు? ఈ ప్రశ్న ఈ రోజు మీరు ఇంటికి పట్టుకుపోండి.

మూడో సంగతి. కంపెనీ డబ్బు బదులుగా ఏమడుగుతుంది?

అన్ని స్కాలర్‌షిప్పులూ గాలం అని నేననను. తీసుకున్న ప్రతి బిడ్డా అమ్ముడుపోయాడనడం అన్యాయం. పేదింటి పిల్లలు అలాంటి డబ్బుతో చదివి నిజాయితీగా పనిచేసినవాళ్లు ఉన్నారు. కానీ ఒక పాత సంగతి గుర్తు చేస్తాను. మీలో చాలామంది అప్పటికి చిన్నపిల్లలు.

బీటీ పత్తి విత్తనానికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్ పదహారు వందల రూపాయలకు పైనే అమ్మారు. అందులో పెద్ద వాటా విత్తనం ఖరీదు కాదు, ఆ సాంకేతికతకు కట్టే రుసుము. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాని మీద గుత్తాధిపత్యాల కమిషన్‌కు పోయింది. ఆ రుసుము అన్యాయమని వాదించింది. ఆ ఏడే ప్యాకెట్ ధర రూ.750కి దిగింది. కాగితాలు చదివి, లెక్కలు కట్టి, "ఈ ధర న్యాయం కాదు" అని చెప్పగలిగిన మనుషులు రైతు వైపు నిలబడబట్టే అది జరిగింది.

రేపు అలాంటి రోజు మళ్లీ వస్తే, లెక్క కట్టాల్సిన శాస్త్రవేత్త ఎవరి డబ్బుతో చదివాడన్నది అడ్డం రాకూడదు. అందుకని చెల్లీ, సంతకం పెట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడుగు. ఇంగ్లీషులో రాసుంటే తెలిసినోళ్ల చేత చదివించుకో.

ఒకటి. డబ్బు ఎప్పుడు పడుతుంది? ఫీజు, హాస్టల్ డిపాజిట్ కట్టే ముందా, కట్టిన తర్వాత రసీదు చూపిస్తేనా? ముందు కట్టుకోవడానికి చేతిలో లేనోళ్లకు రసీదు మీద ఇచ్చే డబ్బు పనికిరాదు.

రెండు. ఒక సెమిస్టర్లో మార్కులు తగ్గితే ఏం చేస్తారు? తెలుగు మీడియంలో చదివి వచ్చిన బిడ్డకు మొదటి ఏడాది ఇంగ్లీషుతోనే సరిపోతుంది. ఆ ఏడాదే డబ్బు ఆపేస్తే, అవసరమైనప్పుడే చెయ్యి వదిలేసినట్టు.

మూడు. చదువయ్యాక వాళ్ల కంపెనీలోనే ఇన్నేళ్లు చెయ్యాలని బాండ్ ఉందా? ఉంటే, చెయ్యకపోతే ఎంత కట్టాలి? కాపలాకు అడ్వాన్సు తీసుకుని తరతరాలు తీర్చిన ఇళ్ల నుంచి వచ్చాం మనం. 1976లోనే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. కొత్త కాగితం మీద పాత వెట్టి రాసుంటే మనం గుర్తుపట్టాలి.

నాలుగు. నేనేం చదవాలో, ఏ పరిశోధన చెయ్యాలో ఎవరు తేలుస్తారు? వాళ్ల మందు పనిచెయ్యలేదని నా పరీక్షలో తేలితే, ఆ ఫలితం నేను బయటపెట్టొచ్చా?

ఈ నాలుగింటికీ మంచి జవాబు వస్తే సంతోషంగా తీసుకో. నాలుగోదానికి మాత్రం నోటిమాట నమ్మొద్దు, రాతలో అడుగు.

కంపెనీ డబ్బు పట్టుకుని పోయేటప్పుడు ఒక సంగతి చూడండి. ఆ డబ్బు తాను చూసే పంట వైపే పోతుంది. మోన్‌శాంటో డబ్బు వరి, గోధుమ వైపు పోయింది. అది వాళ్ల ఇష్టం. మరి మెట్ట మీద సజ్జ, కంది, వరిగ, కొర్ర సంగతి ఎవరు చదవాలి? పొలం గట్టు మీద బొరియ చూసి, లోపల ఎలక ఉందా లేదా, ఎటు పారిపోతుంది, ఎంత ధాన్యం దాచింది అని చెప్పగలిగేది మన తాతలే. వరికి ఎలకలు ఎంత నష్టం చేస్తాయో ప్రతి రైతుకూ తెలుసు. మందు పెట్టకుండా ఎలకల్ని పట్టే విద్య మన ఇంట్లో ఉంది. దాన్ని ఇన్నాళ్లూ "ఎలకలు తినేవాళ్లు" అని తిట్టుగా వాడారు. తమిళనాడులో ఇరుల వాళ్లు 1978లో పాములు పట్టే సహకార సంఘం పెట్టుకున్నారు. పాము కాటుకు మందు తయారు చెయ్యడానికి వాళ్లు తీసే విషం వాడతారు. 2023లో ఆ ఇరుల వాళ్లలో ఇద్దరికి పద్మశ్రీ ఇచ్చారు. అదే విద్య, చూసే కన్ను మారింది.

మన గురించి బయటివాళ్లు రాశారు. మన నెల్లూరు పెద్దాయన వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల కోసం జీవితమంతా పనిచేశారు, 1962లో మన మీద ఇంగ్లీషులో పుస్తకం కూడా రాశారు. ఆయనకు దండం పెడదాం. కానీ అరవై ఏళ్లు దాటినా ఇంకా మన గురించి ఇంకొకరే రాయాలా? మన గట్టు, మన ఎలక, మన గడ్డల గురించి థీసిస్ రాసే యానాది పిల్ల ఎప్పుడొస్తాది? ఈ రోజు మీ మధ్యలోనే కూర్చునుంది అనుకుంటున్నాను నేను.

ఇప్పుడు కొంచెం దూరం పోయి చూద్దాం. మన వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో పుట్టింది. దాన్ని నిలబెట్టడంలో అమెరికా వాళ్ల సాయం ఉంది. కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్లు ఇక్కడికి వచ్చి పనిచేశారు. బోధన, పరిశోధన, విస్తరణ మూడూ ఒకే గొడుగు కిందుండే పద్ధతి అక్కడిదే. ఆ కాన్సస్ యూనివర్సిటీ ఎలా పుట్టింది? 1862లో అమెరికాలో మోరిల్ చట్టం చేశారు. రాష్ట్రాలకు భూములిచ్చి, వాటి మీద వచ్చే డబ్బుతో వ్యవసాయ కాలేజీలు పెట్టుకోమన్నారు. ఆ భూములు ఎవరివి? అక్కడి ఆదివాసులవి. దాదాపు 250 తెగల దగ్గర తీసుకున్న కోటి ఎకరాలకు పైగా భూమి ఆ కాలేజీలకు పెట్టుబడి అయిందని 2020లో అక్కడి పత్రికావాళ్లు ఒక్కొక్క ముక్కా వెతికి లెక్క తీశారు.

ఆ తెగల పిల్లలకు ఆ కాలేజీల్లో చోటు చాలా ఏళ్లు దొరకలేదు. వాళ్లు సొంతంగా ఆదివాసీ కాలేజీలు పెట్టుకున్నారు, అడిగారు, పోట్లాడారు. 1994లో 29 ఆదివాసీ కాలేజీలకు ఆ చట్టం కింద హోదా వచ్చింది. మొదటి చట్టం తర్వాత 132 ఏళ్లకు! 2022లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తమ రాష్ట్రంలో నివాసముండే, గుర్తింపు పొందిన తెగల విద్యార్థులకు ట్యూషన్ ఫీజు భారం తీసేసింది. దాన్ని ఉపకారం అనొచ్చు. బాకీలో కొంత తీర్చారని కూడా అనొచ్చు. మనం చెప్పే మాటే అది. ప్రపంచం అటు చివర కూడా ఇదే లెక్క ఉందని తెలిస్తే గుండెకు కొంచెం ధైర్యం.

మళ్లీ మన ఊరికి వద్దాం. 2022 ఫిబ్రవరిలో ఆత్మకూరు ఎమ్మెల్యే, పరిశ్రమల మంత్రిగా ఉన్న మేకపాటి గౌతంరెడ్డి చనిపోయారు. ఆయన పేరు మీద వ్యవసాయ విద్య కోసం, ఉదయగిరిలో తమ ఇంజినీరింగ్ కాలేజీని ప్రభుత్వానికి అప్పగించడానికి ఆ కుటుంబం ముందుకొచ్చింది. నిర్మాణ రంగంలో సంపాదించిన కుటుంబం అది. రాజకీయంగా మీకు ఎవరి మీద ఏ అభిప్రాయమున్నా ఉండనీండి. ఉదయగిరి మెట్టలో వ్యవసాయ చదువు అన్న మాట వచ్చిందంటే మనం అడగాల్సింది ఒకటే: ఆ గేటు లోపల మన కాలనీ పిల్లలు ఎంతమంది కూర్చుంటారు? భవనం ఇచ్చినోళ్ల పేరు గోడ మీద ఉంటుంది, తప్పులేదు. హాజరు పట్టీలో మన పేర్లు ఉండాలి.

మరి ఏం అడుగుదాం? వట్టి ఆవేశంతో ఇంటికి పంపడం నాకు ఇష్టం లేదు. ఐదు మాటలు రాసుకోండి.

మొదటిది, స్కాలర్‌షిప్పు పదో తరగతి పాసైన రోజు నుంచి మొదలవ్వాలి. పది తర్వాత రెండేళ్ల వ్యవసాయ పాలిటెక్నిక్ ఉంది. దాంట్లో డిప్లొమా చేసి, అగ్రిసెట్ రాసి బీఎస్సీలోకి పోవచ్చు. నేరుగా ఇంటర్ బైపీసీ నుంచి పోయే దారీ ఉంది. ఈ రెండు దారుల్లోనూ మొదటి ఏడాది ఖర్చు ముందే చేతికి రావాలి. డిప్లొమా చేసిన పిల్లలకు గ్రామ సచివాలయంలో వ్యవసాయ సహాయకుల ఉద్యోగాలు 2019లోనే వచ్చాయి. ఊళ్లో రైతు సేవా కేంద్రంలో మన పిల్ల కూర్చుంటే, విత్తనాల కోసం వచ్చే ప్రతి రైతూ మన పిల్లతో మర్యాదగా మాట్లాడతాడు. ఆ మార్పు చిన్నదా?

రెండోది, మార్కులొక్కటే చూడొద్దు. ఇంట్లో మొదటిసారి కాలేజీకి పోయే బిడ్డకు ముందు ఇవ్వాలి.

మూడోది, రైతు కోటాలో భూమిలేని కూలీల బిడ్డలకు వాటా పెట్టాలి. తెలంగాణలో పెట్టారు గదా.

నాలుగోది, కంపెనీలు ఇచ్చే డబ్బు విశ్వవిద్యాలయం దగ్గర ఒకచోట చేరాలి. ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో ఆదివాసీ ప్రతినిధి ఉండాలి. పరిశోధన అంశం విద్యార్థి, గైడ్ తేల్చుకోవాలి, కంపెనీ కాదు.

ఐదోది, గనుల డబ్బు. 2015లో గనుల చట్టం సవరించి ప్రతి గనుల జిల్లాలో జిల్లా ఖనిజ ఫౌండేషన్ పెట్టమన్నారు. గని యజమానులు ప్రభుత్వానికి కట్టే రాయల్టీకి అదనంగా, లీజును బట్టి రాయల్టీలో 10 శాతమో 30 శాతమో అందులో కట్టాలి. ముందుగా ఖర్చు పెట్టాల్సిన పనుల్లో చదువు ఉంది. ఇది కంపెనీ బోర్డు ఇష్టం కాదు, కలెక్టర్ గారి దగ్గరుండే ప్రజల డబ్బు. సమాచార హక్కు కింద లెక్క అడగొచ్చు. మన పిల్లల వ్యవసాయ చదువుకు ఇందులోంచి ఎంత పెడతారని మనం కాగితం మీద అడుగుదాం.

అడగడం ఒక పక్క. మనం చేసుకోవాల్సింది ఇంకో పక్క. ప్రతి కాలనీలో ఇద్దరు ఒక నోటు పుస్తకం పెట్టండి. ఈ ఏడాది తొమ్మిది, పది చదివే ప్రతి పిల్ల పేరు, పిల్లోడి పేరు అందులో రాయండి. కుల ధ్రువీకరణ పత్రం ఉందా, ఆధార్‌లో పేరు బడి పేరుతో కలిసిందా, బ్యాంకు ఖాతా ఉందా అని గుర్తు పెట్టండి. లేనిది పరీక్షల ముందే తెచ్చుకోవాలి, తర్వాత కాదు. ప్రభుత్వమిచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పుకు కూడా ఇవే కాగితాలు కావాలి. రెండున్నర లక్షల లోపు ఆదాయమున్న ఎస్టీ కుటుంబాల పిల్లలకు అది హక్కు. కంపెనీ స్కాలర్‌షిప్పు వస్తే రానీండి, దీన్ని మాత్రం వదులుకోవద్దు. ఇంటర్ పాసైన తమ్ముళ్లు ఫోన్లో రీల్స్ చూసే అరగంటలో ఒక పని చెయ్యండి. మన జిల్లాలో ఉన్న ఒక్కో పెద్ద కంపెనీ వెబ్‌సైట్లో సీఎస్ఆర్ వార్షిక నివేదిక ఉంటుంది. ఈ జిల్లాలో చదువు మీద ఎంత పెట్టారో చదివి పుస్తకంలో రాయండి. వచ్చేసారి కలిసినప్పుడు ఆ పుస్తకాలు ఇక్కడ తెరుద్దాం.

చెల్లీ, నువ్వు ఈ మాటలు ఎక్కడో ఒకచోట చదువుతావు. మీ అన్న చెప్పింది తప్పు కాదు, ఆ డబ్బు వెనక మన భూమి, మన చెమట ఉన్నాయి. మీ అమ్మ చెప్పింది కూడా తప్పు కాదు, డబ్బు లేకుండా చదువు సాగదు. ఇద్దరి మాటా కలిపితే నీ దారి వస్తుంది. మనది మనం తీసుకుంటున్నామన్న ఎరుకతో తీసుకో. చదువుకో. చదువయ్యాక ఏ ల్యాబులో ఉన్నా, ఏ కంపెనీలో ఉన్నా, ఒక రోజు మీ కాలనీకి వచ్చి ఆ నోటు పుస్తకంలో తర్వాతి పేరు ఎవరిదో చూడు. నీ వెనక తూము మూసుకుపోకుండా చూసే బాధ్యత నీది. దాన్ని ఇంకాస్త పెద్దది చేసే బాధ్యత మా అందరిది.

పొద్దు పోతా ఉంది, ఉదయగిరి బస్సు ఎక్కాల్సినోళ్లు ఉండారు. సెలవు.

జై ఆదివాసీ. జోహార్.